మిమిక్రీలో ఇంకా ఎన్టీఆర్, ఏఎన్నార్ గొంతులేనా? జనానికి విసుగు రాదా?

జనానికి రాదండీ, విసుగొచ్చేది చేసేవాడికి. పన్నెండేళ్లు చిన్నాచితకా స్టేజీల మీద మిమిక్రీ చేశాను: కాలేజీ డేలు, వినాయకచవితి పందిళ్లు, పెళ్లి రిసెప్షన్లు. మూడో ఏడాదికే ఎన్టీఆర్ గొంతు ఎత్తాలంటే నాకు నీరసం వచ్చేది. ఒకసారి పంతం పట్టి పాతవన్నీ తీసేసి, ఇప్పటి హీరోలతోనే ఇరవై నిమిషాల ఐటమ్ కట్టాను. జనం మర్యాదగా విన్నారు. మిమిక్రీవాడికి అంతకన్నా అవమానం ఉండదు. చివర్లో గతిలేక "బ్రదర్..." అని ఒక్క మాట సాగదీశాను, పందిరి హోరెత్తిపోయింది. ముందు వరసలో ఈల వేసినవాడికి పదేళ్లు కూడా ఉండవు. ఎన్టీఆర్ గారు పోయింది 1996లో. మరి వాడికి ఆ గొంతు ఎలా తెలుసు?

మాబోటివాళ్ల వల్లే. నేనూ అంతే, ఏఎన్నార్‌ని సినిమాల్లో కాదు, ఇంకో మిమిక్రీ ఆర్టిస్టు క్యాసెట్లో నేర్చుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఆయన ఇంటర్వ్యూ ఒకటి చెవిపెట్టి వింటే, ఆయన నేను చేసే ఏఎన్నార్‌లా లేరు! ఆ వణుకు, ఆ ముక్కుసాగదీత మేం ఒకరి దగ్గర ఒకరం నేర్చుకుంటూ పెంచుకుంటూ వచ్చినవి. సరే అని తర్వాతి ప్రోగ్రాంలో అసలుకు దగ్గరగా చేశాను. "గొంతు బాలేదా ఇవాళ?" అన్నాడు ఆర్గనైజరు. మళ్లీ పాత వణుకే పట్టుకున్నాను.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ తరం వాళ్లు నాటకాల నుంచి వచ్చారు. ఏఎన్నార్ గారైతే కుర్రతనంలో స్టేజీ మీద ఆడవేషాలు కట్టారు. వెనక వరస దాకా వినపడేలా పలికిన గొంతులవి, ఒక్కో మాటకీ ఎత్తు, విరుపు, సాగతీత ఉంటాయి. మనకి పట్టుకోవడానికి పిడి దొరుకుతుంది. ఇప్పటి నటులు పక్కవాడితో మాట్లాడినట్టు మాట్లాడతారు. నటనకి అది మంచిదే, మాకే పిడి దొరకదు. సూర్యకాంతం గారికైతే గొంతు కూడా అక్కర్లేదు, ఎడమ చెయ్యి ఊపితే చాలు, నవ్వు మొదలైపోతుంది.

అలాగని పాతవన్నీ నిలవలేదు. ఈ కళకే 2001లో పద్మశ్రీ అందుకున్న నేరెళ్ల వేణుమాధవ్ గారు విదేశీ నాయకుల గొంతులు కూడా చేసేవారు. ఇప్పుడు అవి చేస్తే పోల్చుకునేవాళ్లేరీ?

ఇక పాత జోకుల మాట. చప్పట్లు పడ్డ చోట ఇంకాస్త కలపడం స్టేజీకి పాత జబ్బు. కాళ్లకూరి నారాయణరావు గారు 'చింతామణి' రాసింది వేశ్యావ్యసనం మాన్పించడానికి. ఆడేవాళ్లు తరతరాలుగా సుబ్బిశెట్టి పాత్రలో ద్వంద్వార్థాలు దట్టిస్తూ పోయారు. ఆ పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెబితే, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధం సరైందా కాదా అన్నది వేరే గొడవ. నాకు మాత్రం నా నత్తి ఐటమ్ గుర్తొచ్చింది. అదీ అంతే, మొదట్లో ఒక్క డైలాగు, నవ్వుతున్నారు కదా అని పెంచి పెంచి ఐదు నిమిషాలు చేశాను. ఒకరోజు మైకు తీసుకున్న యాంకర్‌కే నత్తి ఉందని స్టేజీ ఎక్కాక తెలిసింది. ఆయన నవ్వుతూనే పరిచయం చేశాడు. నాకు మాత్రం ఆ ఐదు నిమిషాలు నోరు రాలేదు, రైలు చప్పుడుతో సరిపెట్టాను.

ఆ ఐటమ్ మళ్లీ చెయ్యలేదు. ఇన్నేళ్లలో అదేమైందని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఎన్టీఆర్‌ని వదిలేసిన రోజు మాత్రం ఆర్గనైజరు పేమెంట్‌లో కోత పెట్టాడు.