నీడలో పరిచిన నాచు ఎండుతోందా? మందు కాదు, నీళ్లు మార్చండి

ప్రశ్న: పెరట్లో పెద్ద చెట్ల కింద గడ్డి నిలవడం లేదు. ఆ 200 చదరపు అడుగుల చోట నేలంతా నాచు పరుద్దామని ప్రహరీ గోడ మీద, చెట్ల బెరడు మీద ఉన్నది గీకి తెచ్చి పరిచాం. మూడు వారాలు పచ్చగానే ఉంది. తర్వాత గోధుమ రంగుకు తిరిగింది. అక్కడక్కడ నల్లటి జిగురు పొర కట్టింది. మందుల షాపులో బూజు తెగులన్నారు. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాముల చొప్పున రెండుసార్లు కొట్టాం. బలానికని 19-19-19 ఎరువు లీటరుకు 5 గ్రాములు కలిపి చల్లాం. రోజూ సాయంత్రం బోరు నీళ్లు పైపుతో పెడుతున్నాం. అయినా ఎండుతోంది. వేరే మందు ఏదైనా ఉందా? మజ్జిగలో రుబ్బి పూస్తే త్వరగా అల్లుకుంటుందంటున్నారు, నిజమేనా? – ఒక రైతు

జవాబు: వేరే మందు లేదు. కొట్టినవే ఎక్కువయ్యాయి. మీరు రాసిన లక్షణాల్లో తెగులు ఆనవాలు ఒక్కటీ లేదు.

నాచుకు వేర్లు ఉండవు. అడుగున కనిపించే సన్నటి పోగులు నేలను పట్టుకోవడానికే. నీళ్లయినా పోషకాలైనా ఆకుతోనే తాగుతుంది. ఆ ఆకు చాలా రకాల్లో ఒక్క కణం మందమే, పైన మైనపు పూత దాదాపు ఉండదు. పంట ఆకు మీద పడిన మందు కొంత జారిపోతుంది. నాచు మీద పడితే నేరుగా లోపలికి పోతుంది. రాగి మందులను ఇళ్ల కప్పుల మీద, బాటల మీద నాచును చంపడానికి వాడతారు. మీరు అదే డబ్బిచ్చి కొని, పెంచాలనుకున్న నాచు మీద రెండుసార్లు కొట్టారు. ఎండిన ముక్కను చూడనైనా చూడకుండా తెగులు పేరు చెప్పి డబ్బా చేతిలో పెట్టే సలహాను సలహా అనరు, అమ్మకం అంటారు. 19-19-19 సంగతీ అంతే. నాచుకు ఎరువు అక్కర్లేదు. ఆ నత్రజని, భాస్వరం తిని పెరిగిందే మీ నల్లటి జిగురు పొర. అది బూజు కాదు, పాకుడు. నీళ్లు నిలిచి, ఎరువు అందినచోట వస్తుంది.

ముందు ఏది చచ్చిందో, ఏది బతికుందో తేల్చండి. ఎండిన ముక్కను చిటికెడు తీసి వాన నీటిలో వేసి భూతద్దంతో చూడండి. బతికున్నదైతే ముడుచుకున్న ఆకులు కొన్ని నిమిషాల్లోనే విచ్చుకుంటాయి, కొసల్లో పచ్చదనం కనిపిస్తుంది. నానినా గోధుమ రంగులోనే ఉండి, వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలితే అది పోయినట్టే. అదే భూతద్దంతో ఎండిన ఆకుల కొసలు కూడా చూడండి. తెల్లటి ఉప్పు పూత కనిపిస్తే అసలు దొంగ మీ బోరు నీళ్లు. నా అనుమానం దాని మీదే. మూడు వారాలు పచ్చగా ఉండి తర్వాత పాడైందంటే ఉప్పు కొద్దికొద్దిగా పేరుకుందనే అర్థం.

నీటి పరీక్ష చేయించకుండా ఇంకేమీ చేయకండి. బోరు 15 నిమిషాలు నడిపాక, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, అర లీటరు నిండా పట్టి, గాలి లేకుండా మూత బిగించి ఒక రోజులోగా ల్యాబుకు ఇవ్వండి. ఈసీ (నీటిలో ఎంత ఉప్పు ఉందో చెప్పే కొలత), పీహెచ్, బైకార్బొనేట్లు, సోడియం అడగండి. ఈసీ మీటరుకు 0.7 డెసీసైమన్ల లోపు ఉంటే మామూలు పంటలకు ఇబ్బంది ఉండదు. నాచుకు ఆ లెక్క చాలదు, అంతకన్నా బాగా తక్కువ లేకపోతే వాన నీటికి మారండి. బైకార్బొనేట్లు లీటరుకు 1.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటిన నీటిని ఆకుల మీద చల్లితే తెల్లటి పూత పడుతుంది. పంటకు అది మచ్చ మాత్రమే, నాచుకు ఊపిరాడదు. ఇంట్లో నీటిని మెత్తబరిచే యంత్రం (వాటర్ సాఫ్ట్‌నర్) ఉంటే ఆ నీళ్లు అసలు వద్దు. కాల్షియం తీసి సోడియం కలిపేది అదే. కప్పు మీద పడిన వాన నీటిని డ్రమ్ములో పట్టుకోవడం అన్నిటికన్నా తేలిక.

రెండో తప్పు, నాచు తెచ్చిన చోటు. సున్నం, సిమెంటు మీద పెరిగేది వేరు, బెరడు మీద పెరిగేది వేరు. రెండూ మట్టి మీద నిలవడం అరుదు. మీ స్థలంలోనే నీడలో, మట్టి మీద తనంతట తాను పెరిగిన నాచును వెతకండి. అందులోనూ నిటారుగా గుత్తులు కట్టేది కాకుండా, నేలకు పాకుతూ చాపలా అల్లుకునేది తీసుకోండి. గుత్తి రకాలు పరుచుకోవడం చాలా నిదానం. ఒకేచోట అంతా ఒలిచేయకుండా అరచేతి వెడల్పు పట్టీలు తీసి, మధ్యలో అంతే వదలండి. అడవిలోంచి తేవద్దు. సంచుల్లో అమ్మే స్ఫాగ్నమ్ (కుండీల్లో వాడే ఎండు నాచు) చాలావరకు చచ్చిన సరుకు, పరిచినా పెరుగుతుందని నమ్మకం లేదు.

వానలు మొదలయ్యాక మళ్లీ పెట్టండి. మందు పడిన చోట పైమట్టి ఒక సెంటీమీటరు గీకి తీసేయండి. రాగి వానకు కొట్టుకుపోదు, పైపొరలోనే పట్టుకుని ఉంటుంది. కలుపును వేర్లతో సహా లాగేయండి. తవ్వకండి, పశువుల ఎరువు కలపకండి. నీళ్లు నిలవకుండా చదును చేసి, కాలితో తొక్కి గట్టిపరచండి. తర్వాత పైన అర సెంటీమీటరు మాత్రం గీరి తడపండి. నాచు పట్టీలను దాని మీద పెట్టి అరచేత్తో గట్టిగా అదమండి, ఆపైన మెల్లగా తొక్కండి. అడుగున గాలి ఉన్నచోటే మొదట ఎండుతుంది. వాలు ఉంటే వెదురు పుల్లలతో గుచ్చండి. సరుకు తక్కువైతే బతికున్న నాచునే ఆరనిచ్చి వేళ్లతో గోరంత ముక్కలు చేసి చల్లి అదమండి. ఒక చదరపు అడుగు నాచును నాలుగైదు అడుగులకు మించి సాగదీయకండి. పైన సన్న కంతల వల కప్పండి. పురుగుల కోసం కోళ్లు ఒక్క పూటలో అంతా కెలికేస్తాయి.

ఇక తడి. పైపు మానేయండి, ఆ ధారకు ముక్కలు కొట్టుకుపోతాయి. పూల కుండీలకు వాడే రోజ్ క్యాన్‌తో తెల్లవారగానే చదరపు మీటరుకు ఒక లీటరు, సాయంత్రం ఎండ దిగాక అర లీటరు, ఎనిమిది వారాల పాటు. వాన పడిన రోజు అక్కర్లేదు. మధ్యాహ్నం పొరపాటున కూడా తడపకండి. ఎండిన నాచు వేడిని ఓర్చుకుంటుంది, తడిసిన నాచు అదే వేడికి ఉడికిపోతుంది. చిలకరించి వదిలేయడం ఇంకో చెడ్డ అలవాటు. ఎండిన నాచు తడవగానే దాచుకున్న శక్తిని ఖర్చుపెట్టి తనను తాను బాగుచేసుకుంటుంది. ఆ ఖర్చును వెలుతురులో తిరిగి సంపాదించుకునేలోపే ఆరిపోతే నష్టమే మిగులుతుంది. తడిపితే రెండు మూడు గంటలైనా తడి నిలవాలి. అలా నిలపలేని రోజుల్లో ఎండనివ్వండి, చావదు. అతుక్కున్నాక వేసవిలో గోధుమ రంగుకు తిరిగితే కంగారు పడొద్దు.

రాలిన ఆకులను వారానికి ఒకసారి మెత్తని చీపురుతో ఒకే వైపుకు ఊడ్వండి. కింద పది పదిహేను రోజులు కప్పబడి ఉంటే నాచు పసుపు పడుతుంది. నీడ మరీ చిక్కగా ఉండి మధ్యాహ్నం కూడా చీకటిగా ఉంటే కింది కొమ్మలు కొన్ని తీయండి, నాచుకూ వెలుతురు కావాలి. కలుపు మొలిస్తే ఒక చేతి రెండు వేళ్లతో నాచును నొక్కిపట్టి, రెండో చేత్తో లాగండి. కలుపు మందు వద్దు.

మజ్జిగ వద్దు. అందులోని చక్కెరకు బూజు, చీమలు, ఈగలు చేరతాయి, నాచుకు దక్కేదేమీ లేదు. మెత్తగా రుబ్బితే ముక్కలు నలిగి చాలా భాగం చస్తుంది కూడా.

ఆరేడు వారాలకు ముక్కల చుట్టూ నేల మీద పలచటి పచ్చని నూగు కనిపిస్తుంది. దాన్ని పాకుడనుకుని మళ్లీ షాపుకు పోకండి. పాకుడు వేలికి జారుడుగా తగులుతుంది. నూగు పొడిగా, భూతద్దంలో సన్నని దారాల్లా ఉంటుంది, కొత్త నాచు మొగ్గలు దాని మీదే పుడతాయి. చోటంతా నిండడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది.