మనవరాలికి ఓటుంది, కొడుక్కి లేదు.. ఎందుకని?

ప్రశ్న: మాది తెనాలి. సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఇరవై ఏళ్లుగా అమెరికాలో, టెక్సస్‌లో ఉంటున్నాడు. గ్రీన్‌కార్డు ఉంది, పాస్‌పోర్టు ఇంకా మనదే. కోడలు పోయినేడు అక్కడి పౌరసత్వం తీసుకుంది. మనవరాలు అక్కడే పుట్టింది, ఈమధ్యే 18 నిండాయి. ‘రాజ్యాంగ సవరణలే నాకు ఓటిచ్చాయి తాతయ్యా’ అంటోంది. ఇన్నేళ్లుగా పన్నులు కడుతున్న తండ్రికి లేని ఓటు పిల్లకి ఎలా వచ్చింది? మొన్న డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసుకు వెళితే మావాడికీ ఓటరు నమోదు ఫారం ఇచ్చారట. నింపి ఇవ్వవచ్చా? తెనాలి జాబితాలో కొడుకు, కోడలి పేర్లు ఇంకా ఉన్నాయి. వాటి సంగతేమిటి?

జవాబు: మాస్టారూ, ముందు ఆ ఫారం సంగతి. మీ అబ్బాయి దాన్ని నింపకూడదు, సంతకం అసలే పెట్టకూడదు. లైసెన్సు కోసం వచ్చినవారికి ఓటరు నమోదుకు కూడా అవకాశం ఇవ్వాలని అక్కడ 1993లో చట్టం చేశారు. కౌంటర్లో ఇచ్చారంటే అర్హత ఉన్నట్టు కాదు. ఆ కాగితంలో ‘మీరు అమెరికా పౌరులా?’ అని అడిగి అవును, కాదు అని రెండు గళ్లు ఇస్తారు. గ్రీన్‌కార్డున్న మనిషి ‘అవును’ దగ్గర టిక్ పెట్టి సంతకం చేస్తే, పౌరుణ్ని కాకుండానే పౌరుణ్నని చెప్పినట్టవుతుంది. దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటి చాలు. ఓటు కూడా వేస్తే, 1996 నాటి చట్టం ప్రకారం ఫెడరల్ (దేశస్థాయి) ఎన్నికల్లో ఏడాది దాకా జైలు పడవచ్చు. రేపు పౌరసత్వానికి అప్లై చేసేటప్పుడు ‘ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా?’ అని సూటిగా అడుగుతారు. ఒకవేళ ఇప్పటికే సంతకం పెట్టి ఇచ్చేసి ఉంటే టెన్షన్ పడి దాచిపెట్టవద్దనండి. పౌరసత్వం దరఖాస్తు కంటే ముందే అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయరును కలవమనండి.

ఇక మనవరాలి మాట. అందులో సగం నిజముంది. మిగతా సగం తెలిస్తే తండ్రికి ఓటు ఎందుకు లేదో కూడా అర్థమవుతుంది.

మన రాజ్యాంగం 326వ అధికరణలో వయోజనులకు ఓటు అని నేరుగా రాసుకున్నాం. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగంలో అలాంటి వాక్యం లేదు. రాష్ట్ర శాసనసభలో ఎక్కువమంది సభ్యులుండే సభకు ఎవరు ఓటేయగలరో వారే ప్రతినిధుల సభకూ (మన లోక్‌సభ లాంటిది) ఓటేస్తారని మాత్రమే ఉంది. అంటే ఓటరు ఎవరన్నది రాష్ట్రాల ఇష్టం. ఎక్కువ చోట్ల ఆస్తి ఉన్న తెల్ల మగవారికే ఓటుండేది. తర్వాత వచ్చిన సవరణలు కూడా ‘మీకు ఓటిస్తున్నాం’ అనలేదు. ‘ఈ కారణం చూపి పౌరుల ఓటు తీసేయకూడదు’ అని రాష్ట్రాల చేతులు కట్టాయి. చేతులు కట్టిన ప్రతిసారీ రాష్ట్రాలు ఇంకో కారణం వెతుక్కున్నాయి. ఆ కథంతా ఇదే.

అంతర్యుద్ధం ముగిశాక 1868లో వచ్చిన 14వ సవరణ, అమెరికా గడ్డమీద పుట్టి అక్కడి చట్టం పరిధిలో ఉన్నవారు పౌరులే అంది. మీ మనవరాలి పౌరసత్వం ఈ సవరణతో వచ్చిందే. 1870లో 15వ సవరణ జాతి, రంగు, ఒకప్పటి బానిసత్వం కారణంగా ఓటు నిరాకరించరాదంది. దక్షిణాది రాష్ట్రాలు అప్పుడు రంగు మాట ఎత్తడం మానేసి పన్ను, చదువు అనడం మొదలుపెట్టాయి. మిసిసిపీ 1890లో కొత్త రాజ్యాంగమే రాసుకుంది. ఓటేయాలంటే తలపన్ను కట్టాలి, రాష్ట్ర రాజ్యాంగంలో ఏదో ఒక భాగం చదవగలగాలి, లేదా ఎవరైనా చదివితే విని అర్థం చెప్పాలి. చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చేది పేర్లు నమోదు చేసే అధికారే. ఎదురుగా నిలబడ్డ నల్లజాతి రైతు ఏం చెప్పినా ఆయన తప్పంటే తప్పే. చట్టం పేరుతో జరిగిన ఈ అన్యాయం గురించి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఆడవారి విషయంలో కోర్టు కూడా ఆదుకోలేదు. సెయింట్ లూయిస్‌లో వర్జీనియా మైనర్ అనే ఆమె 1872లో ఓటరుగా పేరు రాయించుకోబోతే కుదరదన్నారు. పెళ్లయిన స్త్రీ సొంతంగా కేసు వేసే వీలు లేని రోజులవి, లాయరైన భర్తతో కలిసి వేసింది. 1875లో సుప్రీంకోర్టు ‘ఆమె పౌరురాలే, కానీ పౌరసత్వంతో పాటు ఓటు రాదు’ అని తీర్పిచ్చింది. ఆ తీర్పును దాటడానికి 45 ఏళ్లు పట్టింది.

ఆడవారన్న కారణంతో ఓటు నిరాకరించరాదనే 19వ సవరణకు అప్పటి 48 రాష్ట్రాల్లో 36 ఒప్పుకోవాలి. 35 ఒప్పుకున్నాయి. 1920 ఆగస్టు 18న టెనెసీ శాసనసభలో లెక్క నువ్వా నేనా అన్నట్టుంది. వ్యతిరేకులు కోటుకు ఎర్ర గులాబీ పెట్టుకున్నారు. 24 ఏళ్ల హ్యారీ బర్న్ కోటుకూ ఎర్ర గులాబీయే ఉంది. కానీ జేబులో అమ్మ రాసిన ఉత్తరం ఉంది, సవరణకు అనుకూలంగా ఓటెయ్యమని. పేరు పిలిచినప్పుడు ఆ అబ్బాయి సరేనన్నాడు. దేశమంతటా ఆడవారి ఓటుకు అడ్డు తొలగింది.

మీ కోడలి పౌరసత్వానికి మాత్రం సవరణలకు బయట ఇంకో కథ ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో, భారతీయులు ‘తెల్లవారు’ కారు కాబట్టి పౌరసత్వం ఇవ్వడానికి వీల్లేదని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. 15వ సవరణ అప్పటికి యాభై ఏళ్లనాటిది. అయినా అది రక్షించేది పౌరులనే కదా! పౌరసత్వమే ఇవ్వకపోతే ఓటు ప్రశ్నే రాదు. 1946లో చట్టం మారాకే మనవాళ్లకు దారి తెరుచుకుంది. పదేళ్లు తిరిగేసరికి, 1956లో, పంజాబ్‌లో పుట్టిన దలీప్ సింగ్ సౌంద్ కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, గెలిచాడు.

1961లో 23వ సవరణ రాజధాని వాషింగ్టన్ వాసులను అధ్యక్ష ఎన్నికల్లోకి తెచ్చింది. 1964లో 24వది ఫెడరల్ ఎన్నికల్లో తలపన్నును రద్దు చేసింది. రాష్ట్ర ఎన్నికలకు వర్జీనియా ఇంకా ఒకటిన్నర డాలరు అడుగుతుంటే 1966లో సుప్రీంకోర్టు అదీ కొట్టేసింది. మాస్టారూ, పన్నుల గురించి అడిగారు కదా. పన్ను కట్టలేదని ఓటు తీసేయకూడదని తేల్చిన చోట, పన్ను కట్టాడని ఓటు రాదు. పన్నుకూ ఓటుకూ ముడి అక్కడ తెగిపోయింది.

చదువు పరీక్షల ఆట కట్టించింది 1965 నాటి ఓటుహక్కుల చట్టం. అలబామా రాష్ట్రంలోని సెల్మాలో ఓటుహక్కు కోసం శాంతియుతంగా నడుస్తున్నవారిని పోలీసులు లాఠీలతో కొట్టిన కొద్ది నెలలకే అది వచ్చింది. 15వ సవరణలో కాంగ్రెస్‌కు ఇచ్చిన అధికారాన్ని గట్టిగా వాడటానికి 95 ఏళ్లు పట్టిందన్నమాట. అందులో ఓటు నిబంధనలు మార్చేముందు ఏ రాష్ట్రాలు కేంద్రం అనుమతి తీసుకోవాలో చెప్పే సెక్షన్‌ను 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నా దృష్టిలో అది పొరపాటు తీర్పు.

మనవరాలికి అక్కరకొచ్చింది 26వ సవరణ. పద్దెనిమిదేళ్లకే వియత్నాం యుద్ధానికి పంపుతూ ఓటుకు 21 నిండాలనడం ఏమిటని కుర్రకారు అడిగారు. 1970లో 18 ఏళ్లకే ఓటిస్తూ కాంగ్రెస్ చట్టం చేస్తే, అది ఫెడరల్ ఎన్నికలకే చెల్లుతుందని కోర్టు అంది. అంటే ఒకే బూత్‌లో రెండు రకాల ఓటర్లు! ఆ చిక్కు పడలేక, 1971 మార్చిలో కాంగ్రెస్ పంపిన సవరణను జూలై 1కల్లా రాష్ట్రాలు ఆమోదించేశాయి. మన దగ్గర 61వ సవరణతో 1989లో 18 ఏళ్లకు ఓటు వచ్చింది.

15, 19, 24, 26.. ఏది తెరిచి చూసినా ‘అమెరికా పౌరుల ఓటుహక్కు’ అనే ఉంటుంది. మీ అబ్బాయికి అవి అందుకే పనికిరావు. మేరీలాండ్‌లోని టకోమా పార్క్ లాంటి కొన్ని ఊళ్లు స్థానిక ఎన్నికల్లో పౌరులు కానివారికీ ఓటిచ్చాయి, టెక్సస్‌లో అది లేదు. మనవరాలు మాత్రం ఎన్నికకు 30 రోజుల ముందే నమోదు కావాలి. కోడలికీ అంతే.

తెనాలి జాబితాకొస్తే, అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజునే పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం కోడలి భారత పౌరసత్వం పోయింది. విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వమిచ్చే ఓసీఐ కార్డున్నా ఇక్కడ ఓటు లేదు. ఫారం 7 ఇచ్చి పేరు తీయించండి. మీ అబ్బాయి ఫారం 6ఏ ఇచ్చి ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. అయితే పోలింగు రోజున పాస్‌పోర్టు పట్టుకుని తెనాలి వచ్చి, మీతోపాటు లైన్లో నిలబడి వేయాల్సిందే.