విద్యా రుణానికి ముందు బాబును అడగాల్సిన ప్రశ్న

ప్రశ్న: మా బాబు ఇంజనీరింగ్‌లో చేరతానంటున్నాడు. ఎందుకని అడిగితే ‘జీతాలు బాగుంటాయి, ఫ్రెండ్స్ అందరూ అందులోనే చేరుతున్నారు’ అంటాడు. నాలుగేళ్ల ఖర్చుకు రుణం తీసుకోవాలా, మా రిటైర్మెంట్ కోసం దాచింది తీయాలా? - ఒక తల్లి

జవాబు: రిటైర్మెంట్ డబ్బు జోలికి వెళ్లకండమ్మా. బాబు సంపాదనలో పడే నాటికి మీ సంపాదన ముగింపుకొస్తుంది, ఖాళీ అయినదాన్ని మళ్లీ పోగేసుకునే టైమ్ మీకుండదు. రుణమే నయం. కానీ సంతకం పెట్టేముందు, బాబు మీకిచ్చిన జవాబు గురించి మాట్లాడాలి.

జీతం కోసం చదవడం తప్పేమీ కాదు. పిల్లలు ఒక చదువును ఎందుకు ఎంచుకుంటారో వివరిస్తూ మనస్తత్వ శాస్త్రవేత్త జాక్వెలిన్ ఎక్లిస్, ఆమె సహచరులు 1983లో ఒక సిద్ధాంతం ఇచ్చారు. ‘నేను చేయగలను’ అన్న నమ్మకం ఒకటి, దాని విలువ రెండోది. ఆ విలువలో నాలుగు అంశాలు కలిసి ఉంటాయి: ఇష్టం, ఉపయోగం, ‘నేను ఇలాంటివాణ్ని’ అన్న గుర్తింపు, దానికోసం వదులుకోవాల్సినవి. జీతం ఉపయోగం కిందికొస్తుంది. మీ బాబు జవాబులో అదొక్కటే ఉంది. ఫ్రెండ్స్ మాటేమో పూర్తిగా వాళ్ల కారణం.

నా దగ్గరికి తండ్రితో వచ్చిన ఒక అమ్మాయిని ఇదే అడిగితే మాటల్లో చెప్పలేక ఒక నోటుబుక్కు తీసి చూపించింది. నెల రోజులపాటు పొద్దున, రాత్రి ఇంటి కరెంటు మీటరు రీడింగు రాసుకుంది. రాత్రుళ్లు యూనిట్లు ఎందుకు పెరుగుతున్నాయా అని ఒక్కో వస్తువే ఆపి చూసి, ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైందని పట్టుకుంది. ఎవరూ చెప్పకుండా చేసిన పని అది. ఆ పేజీలు చూశాక రుణం లెక్కలు వేయడానికి నాకు ధైర్యం వచ్చింది. మీ బాబు దగ్గర అలాంటి నోటుబుక్కు ఉండాలని లేదు. తనంతట తాను విప్పి చూసింది, కట్టింది, రాత్రి మేలుకుని సరిచేసింది ఏదైనా ఉందా? అది వెతకండి.

ఇది డబ్బు విషయం ఎలా అవుతుందంటే, 100 రూపాయల రుణాన్ని ఏటా మొదట్లో 25 చొప్పున తీసుకున్నారనుకోండి. వడ్డీ 10 శాతం, ఏటా అసలులో కలుస్తుంది. నాలుగేళ్లు పూర్తయ్యేసరికి బాకీ దాదాపు 128. ఇష్టం లేక సబ్జెక్టులు మిగిలిపోయి ఒక్క ఏడాది ఆలస్యమైతే అదే బాకీ 140 దాటుతుంది. ఆ ఏడాది ఖర్చు, రాని జీతం దానికి అదనం. ఆసక్తి లేని చదువులో నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ ఐదో ఏడాదే. చదువుతుండగానే వడ్డీ కట్టుకుంటూ వెళ్తే మాత్రం అసలు 100 దగ్గరే ఆగుతుంది. మీకు వీలైతే అదే చేయండి.

కాలేజీ చెప్పే అత్యధిక ప్యాకేజీని లెక్కలోకి తీసుకోకండి, అది ఒకరిద్దరిది. ఉద్యోగం రానివాళ్లను కూడా కలిపి అందర్నీ వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి జీతమెంతో అడగండి. ఆ జీతంలో ఐదో వంతుకు మించి ఈఎంఐ పడుతుంటే రుణం తగ్గించండి, లేదా ఖర్చు తక్కువున్న కాలేజీ చూడండి. వరుసలో మధ్యవాడి సంగతి చెప్పని కాలేజీ మీద నాకు నమ్మకం కుదరదు.

ఈ వారం బాబును కూర్చోబెట్టి, తను అనుకుంటున్న బ్రాంచిలో రెండో ఏడాది సిలబస్ తెరిచి చదవమనండి. మొదటి ఏడాది పాఠాలు చాలావరకు అన్ని బ్రాంచీలకూ దగ్గరగా ఉంటాయి, అసలు రుచి రెండో ఏడాదిలో తెలుస్తుంది. ఆ బ్రాంచిలో పనిచేస్తున్న ఒకరితో గంటసేపు మాట్లాడించండి. మీరు పక్కన కూర్చోకండి, పిల్లలు మన ముఖం చూసి జవాబు మార్చేస్తారు. తర్వాత బాబు ఏమన్నాడో, కాలేజీ చెప్పిన మధ్య జీతమెంతో రాసి పంపండి. ఎంత రుణం భరించగలరో ఆ అంకెలతో లెక్క వేద్దాం.