మీ ఎస్‌బీఐఆర్ అప్లికేషన్‌లో రెండు చిక్కులు

మోల్టెన్ సాల్ట్ రియాక్టర్ (కరిగిన ఉప్పు వాడే అణు రియాక్టర్) సెన్సర్ మీద అమెరికా ఇంధన శాఖ ఎస్‌బీఐఆర్ (చిన్న కంపెనీల పరిశోధనకు ప్రభుత్వమిచ్చే గ్రాంటు) ఫేజ్ 1కి, అంటే మొదటి దశకి, వేద్దామంటే, హెచ్1బీ మీద ఉన్న మీకే 60% వాటా, ప్రొఫెసర్ గారేమో యూనివర్సిటీ వదలనంటున్నారని రాశారు. టెన్షన్ పడకండి, రెండిటికీ దారి ఉంది.

ముందు వాటా. కంపెనీలో సగానికి పైగా అమెరికా పౌరుల చేతిలోనో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల చేతిలోనో ఉండాలి. హెచ్1బీ లెక్కలోకి రాదు. గ్రీన్‌కార్డు ఉన్న మీ పార్ట్‌నర్‌కు 51% ఇవ్వవచ్చు, కానీ కాగితం మీద ఇస్తే చాలదండీ, నిర్ణయాలు కూడా నిజంగా ఆయనవే కావాలి. షేర్లు మార్చేముందు లాయర్‌కి చూపించండి.

ప్రొఫెసర్ గారి సంగతికి ఎస్‌టీటీఆర్ (యూనివర్సిటీ లాంటి పరిశోధనా సంస్థతో కలిసి చేసే ఇలాంటి గ్రాంటే) సరిగ్గా సరిపోతుంది. ఎస్‌బీఐఆర్‌లో ప్రధాన పరిశోధకుడి ముఖ్య ఉద్యోగం మీ కంపెనీలోనే ఉండాలి. ఎస్‌టీటీఆర్‌లో ఆయన యూనివర్సిటీలోనే ఉండవచ్చు. పనిలో కనీసం 40% మీరు, 30% యూనివర్సిటీ చేయాలి. మా మొదటి ఎస్‌బీఐఆర్ బడ్జెట్ షీట్‌లో యూనివర్సిటీ వాటా పరిమితి అయిన మూడో వంతు దాటిందని గడువు ముందురోజు రాత్రి 11కి కనిపెట్టాం. తెల్లారేదాకా అంకెలు దిద్దుతూ కూర్చున్నాం. మీరు ఆ షీట్ ఈ వారమే వేసేయండి.

హైదరాబాద్ స్నేహితుడితో మోడలింగ్ చేయించే ఆలోచన మానుకోండి. పరిశోధన అమెరికాలోనే జరగాలి. పైగా అణు సాంకేతికత బయటి దేశాలకు పంపడానికి పార్ట్ 810 నిబంధనలు వేరే ఉన్నాయి.

లెటర్ ఆఫ్ ఇంటెంట్ (అప్లై చేస్తామని ముందుగా తెలిపే లేఖ) గడువు అసలు అప్లికేషన్ కంటే ముందే వస్తుంది, అది మాత్రం మిస్ కావద్దు.