సైకిల్ ఎక్కగానే ఎడమకి పడిపోతుంటే ముందు పెడళ్లు విప్పండి

రెండు తొక్కులకే ఎడమకి ఒరిగిపోతున్నానని, బ్రేకు పడితే ముందుకి తూలుతున్నానని, అలిపిరి రోడ్డులో నేర్చుకుంటున్నానని రాశారు కదండీ. ముందు ఆ చోటు మార్చండి. అక్కణ్ణించి ఊళ్లోకి దారంతా పల్లం, కొత్తవాళ్లకి వేగం అదుపులో ఉండదు. చదునైన ఖాళీ మైదానం చూసుకుని, ఎండ ఎక్కకముందే వెళ్లండి.

రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేదాకా సీటు దించండి. పెడళ్లు 15 నంబరు స్పానర్‌తో ఊడతాయి. కుడిది మామూలు మరే. ఎడమది మాత్రం ఉల్టా, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. తెలియక మళ్లీ బిగించేటప్పుడు కూడా బలంకొద్దీ అటువైపే తిప్పితే మర పోతుంది, ఖర్చు తగులుకుంటుంది.

ఇక కాళ్లతో నేలని తన్నుకుంటూ వెళ్లండి. నాలుగైదు సెకన్లు పాదాలు ఎత్తి ఉంచగలిగితే పెడళ్లు బిగించుకోవచ్చు, మరకి కాస్త గ్రీజు రాసి. అసలు కిటుకు ఇదీ: బండి ఎడమకి ఒరిగితే హ్యాండిల్ కూడా కొద్దిగా ఎడమకే తిప్పాలి. చక్రాలు మీ బరువు కిందికి వస్తాయి, బండి నిలబడుతుంది. భయంతో కుడికి లాగితే పడటం ఖాయం. చూపు ముందు చక్రం మీద కాదు, పది మీటర్ల దూరాన.

మన దగ్గర సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. అదొక్కటే గట్టిగా నొక్కితే తూలడమే. మొదట ఎడమది పట్టి, తర్వాత కుడిది మెల్లగా, ఒళ్లు కాస్త వెనక్కి జరిపి.

ప్యాంటు కుడికాలికి ఓ రబ్బరుబ్యాండు వేసుకోండి, చెయిన్‌లో పడకుండా.