నడిచే రోబో రెండు అడుగులు వేసి రీసెట్ అవుతోంది, కంట్రోలర్ బోర్డు మార్చాలా?

చేతిలో ఎత్తి పట్టుకుంటే ఆరు కాళ్లూ చక్కగా ఆడుతున్నాయని, నేల మీద పెడితే రెండు అడుగులు వేసి, వణికి కూలబడి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతోందని రాశారు. బోర్డు మార్చమని కిట్ అమ్మినవాళ్లు చెప్పారట. మార్చకండి. బోర్డే చెడిపోయి ఉంటే చేతిలో ఉన్నప్పుడు కూడా మొండికేసేది. బరువు పడినప్పుడే గొడవ మొదలవుతోందంటే అది కరెంటు గొడవే. ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేయడం నా పని. ఈ లక్షణం ఏ యంత్రంలో కనిపించినా నేను ముందు వెతికేది ఒకటే: లోడు పడినప్పుడు వోల్టేజి ఎక్కడ పోతోంది?

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడూ వాడి స్నేహితులూ కలిసి ఇలాంటి కిట్టే కొన్నారు. కాలికి మూడు చొప్పున పద్దెనిమిది ఎంజీ996ఆర్ సర్వోలు (కాలి కీళ్లను తిప్పే చిన్న మోటార్లు), వాటిని నడపడానికి రెండు పీసీఏ9685 బోర్డులు, ప్రోగ్రాము నడిచే కంట్రోలర్ బోర్డు ఆర్డ్యుయినో యూనో ఒకటి, ఒక పీఎస్2 (ప్లేస్టేషన్ తరహా) వైర్‌లెస్ రిమోటు. అచ్చంగా మీకున్న బాధే. మా ఇంటికి తెచ్చేసరికే యూనో మార్చేశారు, రిమోటు మార్చేశారు, ప్రోగ్రాము అంతా తిరగరాశారు. ‘‘పిన్నీ, బ్యాటరీ మాత్రం బాగానే ఉంది, 7.9 చూపిస్తోంది’’ అన్నాడు వాడు ధీమాగా. పని లేకుండా కూర్చున్న బ్యాటరీ ఎంత చూపించినా దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

మల్టీమీటరు ప్రోబులు రెండూ పీసీఏ9685 మీద సర్వోల కరెంటు వచ్చే స్క్రూ టెర్మినల్‌కు ఆనించి, రోబోను లేపమన్నాను. 6 దగ్గర ఉన్న అంకె 4 కిందికి జారింది. అదే క్షణంలో యూనో మీద చిన్న లైటు మిణుకుమంది, కాళ్లన్నీ పట్టు వదిలేశాయి. మీటరు నిదానంగా స్పందిస్తుంది కాబట్టి ఆ పడిపోవడం నిజానికి ఇంకా లోతుగానే ఉండి ఉంటుంది. ఫ్రిజ్ కంప్రెసర్ అందుకున్నప్పుడు ఇంట్లో లైటు ఒక్కసారి మసకబారినట్టే ఇదీ.

ఇక్కడి దాకా చాలామంది వస్తారు. వచ్చి, బ్యాటరీ చిన్నదని తేల్చేసి ఇంకా పెద్దది కొంటారు. నేనైతే ఒక ప్రోబు బ్యాటరీ సెల్లు కొన మీద, రెండోది దాని హోల్డరు నుంచి బయటికొచ్చే తీగ కొన మీద పెట్టాను. రెండూ ఒకే దారిలో ఉన్న చోట్లు కాబట్టి అక్కడ దాదాపు సున్నా రావాలి. రోబో నిలబడి ఉండగా మా వాడు దాని వీపు మీద అరచేత్తో నొక్కితే ఒక వోల్టు పైగా వచ్చింది. అంత వోల్టేజీ హోల్డరులోని సన్నటి స్ప్రింగే మింగేస్తోంది. ముట్టుకుంటే వేలు కాలింది. దాని చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి పసుపురంగుకు తిరిగింది. ఆన్-ఆఫ్ స్విచ్చు దగ్గర ఇంకో అర వోల్టు, వెంట్రుకల్లాంటి జంపర్ వైర్లలో ఇంకొంత పోతున్నాయి. బ్యాటరీ వోల్టేజిని సర్వోలకు కావలసినంతకు తగ్గించే కన్వర్టరు మాత్రం పెద్దదే ఇచ్చారు, దాన్ని తప్పుపట్టను. కానీ దాని దాకా కరెంటు చేరితే కదా!

కిట్లు అమ్మేవాళ్ల మీద నాకున్న కోపం ఇదే. ఒక్కో ఎంజీ996ఆర్ 6 వోల్టుల మీద కదలలేక ఇరుక్కుపోతే దాదాపు 2.5 ఆంపియర్లు లాగుతుంది. పద్దెనిమిదీ ఒకేసారి ఇరుక్కోవు, నిజమే. కానీ మూడు కాళ్లు ఎత్తి మూడు కాళ్ల మీద నడిచే రోబోలో బరువంతా తొమ్మిది సర్వోల మీదే పడుతుంది. ఈ లెక్క మాన్యువల్‌లో ఎక్కడా ఉండదు. స్క్రూలు ఎలా బిగించాలో రంగురంగుల బొమ్మలు మాత్రం ఉంటాయి. 18650 అనే గుండ్రటి లిథియం సెల్లుల మీద 9900 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే చార్జి కొలత) అని అచ్చువేసి అమ్మేవాళ్లు వేరే ఉన్నారు. పేరున్న కంపెనీలు చేసే మంచి సెల్లులు 3500 దరిదాపుల్లో ఉంటాయి, ఒక్కోటి 45 గ్రాములకు పైగానే తూగుతుంది. మీ సెల్లు తేలిగ్గా ఉంటే ఆ అంకె అబద్ధం, దాన్ని పారేయండి. పిల్లలకు ప్రోగ్రాము రాయడం చిన్న తరగతుల నుంచే నేర్పుతున్నాం, మంచిదే. మీటరు పట్టడం మాత్రం డిగ్రీ చేతికొచ్చాక కూడా రావడం లేదు. అందుకే ఏ రోబో ఆగినా వాళ్ల చెయ్యి ముందు కోడు మీదికే పోతోంది.

మా వాడి రోబోకు స్ప్రింగు హోల్డరు తీసేసి, రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, ఎక్కువ కరెంటు తట్టుకునే ఎక్స్‌టీ60 కనెక్టరు, లావుపాటి సిలికాన్ వైర్లు పెట్టాం. రెండు పీసీఏ9685 బోర్డులకు కన్వర్టరు నుంచి విడివిడిగా వైర్లు లాగాం. యూనోకు వేరుగా చిన్న 5 వోల్టుల కన్వర్టరు ఇచ్చి, గ్రౌండ్లు (నెగటివ్ వైర్లు) మాత్రం అన్నీ కలిపాం. ఆ గ్రౌండ్ కలపకపోతే సర్వోలు పిచ్చిపట్టినట్టు వణుకుతాయి. ప్రోగ్రాములో ఒక్కటే మార్చాం: లేచేటప్పుడు అన్ని కాళ్లూ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి కదిలేలా. రోబో హాలు అంతా తిరిగింది, పాత యూనోతోనే.

మీది నిజంగా రీసెట్టేనా అని తేల్చుకోవడానికి ఒక చిన్న బజరు తగిలించి, ప్రోగ్రాము మొదలయ్యే చోట ఒకసారి మోగమనండి. నడక మధ్యలో మోగిందా, బోర్డుకు కరెంటు చాలక రీసెట్ అవుతోందన్నమాట. మోగకుండా వణుకు మాత్రమే ఉంటే గ్రౌండ్ చూడండి, సిగ్నల్ వైర్లు చూడండి. మీ కంట్రోలర్ బోర్డు ఈఎస్‌పీ32 అయితే బ్రౌనౌట్ (వోల్టేజి పడిపోయింది) అని కంప్యూటర్ మీద సీరియల్ మానిటర్‌లో అదే చెబుతుంది. రిమోటు పనిచేయడం లేదని కూడా అన్నారు. పీఎస్2 రిమోటును చాలా ప్రోగ్రాములు మొదట్లో ఒక్కసారే పలకరిస్తాయి. రీసెట్ తర్వాత రిసీవరు అప్పటికి సిద్ధంగా లేకపోతే ఇక దాని మాట వినవు. కరెంటు సరిచేయకుండా రిమోటు కొనకండి.

పెద్ద కెపాసిటర్ పెడితే సరిపోతుందని మీకు ఎవరో చెప్పారట. సర్వోకు 100 మైక్రోఫారడ్ల లెక్కన పెట్టండి, మంచిదే. కానీ అది క్షణకాలపు కుదుపును ఆపుతుందే తప్ప స్ప్రింగు మింగేసిన వోల్టును తిరిగి ఇవ్వలేదు. లైపోకు మారితే మాత్రం వోల్టేజి అలారం తప్పకుండా పెట్టండి. సెల్లు 3.3 వోల్టులకు దిగగానే మోగేలా ఉంచండి. 3 కంటే కిందికి పోతే సెల్లు పాడవుతుంది, ఉబ్బిన సెల్లును మళ్లీ చార్జింగ్‌కు పెట్టకండి.