చెన్నైలో "యుద్ధకాలపు మద్రాసు" వాక్: పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా?

మీరు అడిగింది ఇది: విశాఖ నుంచి అమ్మానాన్నలతో చెన్నై వస్తున్నారు, ఆదివారం పొద్దున గైడ్‌తో రెండున్నర గంటల నడక ఉందని చూశారు, తమిళం రాదు, అంత దూరం నడిచి చూడ్డానికి అక్కడ ఏమైనా మిగిలిందా అని.

వెళ్ళండి. బాంబులకి కూలిన భవనాలూ గుండ్ల దెబ్బలు తిన్న గోడలూ కనిపిస్తాయనుకుంటే మాత్రం వద్దు. అలాంటివి దాదాపు ఏమీ లేవు. ఈ ఊళ్ళో కనిపించేది యుద్ధభయం చేసిన పని.

నేను పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. ఇలాంటి నడకకి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆఫీసువాళ్ళతో. ఆ గైడ్ గొంతు బాగుంది, కథలూ బాగున్నాయి, సగం నిజం కాదు. 1914లో మద్రాసు మీద గుండ్లు పేల్చిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డన్‌లో చెంపకరామన్ పిళ్ళై అనే మన విప్లవకారుడు ఉన్నాడని, ఎక్కడ కొట్టాలో కెప్టెన్‌కి ఆయనే వేలు పెట్టి చూపించాడని కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. ఊళ్ళో చాలామంది నమ్మే కథే అది. ఆధారం లేదు. ఆ నెలల్లో ఆయన యూరప్‌లో ఉన్నాడు. అందుకే బుక్ చేసేముందు ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. "అలా అంటారు గానీ రుజువు లేదు" అనే గైడ్ దొరికితే కళ్ళు మూసుకుని వెళ్ళిపోవచ్చు. ఇంగ్లీషులో నడిపేవాళ్ళు ఉన్నారు, తమిళం రాకపోయినా ఇబ్బంది లేదు.

రెండోసారి మా అమ్మని తీసుకెళ్ళాను. ఆవిడకి డెబ్భై ఆరు. ఈసారి గైడ్ మంచివాడు. హైకోర్టు మెట్రో దగ్గర కలిశాం, ఆరున్నరకి. ప్యారిస్ కార్నర్‌లో, జనం కాళ్ళకి అడ్డంగా ఉన్నట్టుండే ఒక రాతి స్తంభం దగ్గర మొదలుపెట్టాడు. నేను చిన్నప్పటి నుంచి దాని పక్కనే బస్సు ఎక్కుతున్నాను, ఒక్కసారీ దాని వైపు చూడలేదు. 1773 నాటి సరిహద్దు రాయి అది. అలాంటివి ఆరు పాతారు, ఇప్పుడు ఇదొక్కటే మిగిలింది. ఈ గీత దాటి ఇంగ్లీషువాళ్ళ సెయింట్ జార్జి కోట వైపు ఎవరూ ఇల్లు కట్టకూడదని దాని అర్థం.

ఎందుకు కట్టకూడదు? 1746లో ఫ్రెంచివాళ్ళు ఈ కోట పట్టేశారు, ఒప్పందం ప్రకారం 1749లో తిరిగిచ్చారు. మళ్ళీ 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ వచ్చి రెండు నెలలు ముట్టడించాడు. కోటని ఆనుకుని ఇళ్ళు ఉంటే శత్రువుకి చాటు దొరుకుతుంది, లోపలి నుంచి ఫిరంగులు పేల్చడానికి అడ్డం. అందుకని కోట పక్కన మనవాళ్ళుండే పాత నల్లవారి పట్నం (బ్లాక్ టౌన్) మొత్తం పీకేసి మైదానం చేశారు. ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట అప్పట్లో చెన్నకేశవస్వామి గుడి ఉండేది. అదీ పోయింది. తర్వాత దేవరాజ మొదలి వీధిలో మళ్ళీ కట్టారు. నడక అయ్యాక ఓపికుంటే అక్కడికి వెళ్ళండి. పక్కనే చెన్న మల్లీశ్వరస్వామి గుడి కూడా ఉంది, మీ అమ్మగారికి నచ్చుతుంది.

కోట లోపల సెయింట్ మేరీస్ చర్చి ముందు నేలంతా సమాధి రాళ్ళే. మొదట అవి కోట బయట శ్మశానంలో ఉండేవి. లాలీ సైనికులు ఆ సమాధుల వెనక దాక్కుని కాల్చారట. ముట్టడి అయ్యాక ఇంగ్లీషువాళ్ళు సమాధులు తీసేసి, రాళ్ళు తెచ్చి ఇక్కడ పరిచారు. "పోయినవాళ్ళ పేర్లు తొక్కుకుంటూ నడవాలా" అని అమ్మ పక్కనుంచి వెళ్ళింది.

అందరూ ఎదురుచూసేది ఎమ్డన్ గురించే. 1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఈ జర్మన్ యుద్ధనౌక రేవు దగ్గరికొచ్చి సుమారు 130 గుండ్లు పేల్చింది. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్. ఊళ్ళో దీపాలార్పలేదు, లైట్‌హౌస్ కూడా వెలుగుతూనే ఉంది, ఆ లైట్‌హౌస్ అప్పట్లో హైకోర్టు గోపురం మీదే ఉండేది. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు రెండు అంటుకున్నాయి. తేరుకుని రేవులోని ఫిరంగులు పేల్చేలోపు ఓడ వెళ్ళిపోయింది. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ దాని పని పట్టింది గానీ, ఈలోపు మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని పారిపోయారు. చూడ్డానికి మిగిలింది హైకోర్టు తూర్పు గోడకి ఒక చిన్న శిలాఫలకం. అంతే. మాతో వచ్చిన ఒక కుర్రాడు "దీనికోసమా ఇంత దూరం?" అన్నాడు కూడా.

కానీ ఆ పేరు మా ఇళ్ళల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. ఎవడికీ దొరకని గడుసువాణ్ణి తమిళంలో ఎమ్డన్ అంటారు. మా అమ్మ నన్ను తెలుగులోనే "వీడొక ఎమ్డన్" అని తిట్టేది. అది ఓడ పేరని ఆవిడకి ఆ గోడ దగ్గరే తెలిసింది.

తర్వాత గైడ్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల గురించి, 1942 గురించి చెప్పాడు. ఇది మీ విశాఖతో ముడిపడ్డ కథే. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ మర్నాటికి మద్రాసు గడగడలాడింది. పని లేనివాళ్ళు ఊరు వదలమన్నారు, ప్రభుత్వ కార్యాలయాలు ఊటీకీ లోపలి జిల్లాలకీ తరలించారు. అప్పుడు రిప్పన్ బిల్డింగ్ (కార్పొరేషన్ ఆఫీసు) వెనక జూ ఉండేది. బాంబు పడి బోనులు విరిగితే ఎలా అని పులుల్నీ సింహాల్నీ కాల్చి చంపేశారు.

ఇది వినగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మా అమ్మ చెప్పేదిరా ఇది. మేమెవరం నమ్మలేదు." మా తాతయ్య రేవులో గుమాస్తా. భార్యనీ పిల్లల్నీ గూడూరు దగ్గర పల్లెకి రైలెక్కించి తను ఒక్కడే వండుకు తిన్నాడట. అమ్మమ్మ ఆ రోజుల్ని "ఇవాక్యువేషన్" అనే అనేది, మాకదొక పండగ పేరులా వినిపించేది. అమ్మ ఇదంతా తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో చెప్పాను. గైడ్ నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు. మద్రాసు మీద ఆ నెల ఏమీ పడలేదు. 1943 అక్టోబరులో ఒక్క విమానం వచ్చి రేవు దగ్గర బాంబులేసి పోయింది.

నందంబాక్కంలో వార్ సెమెటరీ ఉంది. నడకలో కలపరు, దూరం. 850కి పైగా సమాధులు, నీటైన పచ్చిక. పొద్దున్నే ఆటోలో విడిగా వెళ్ళడమే మేలు.

పెద్దవాళ్ళకి ఇబ్బంది నడక కాదు, నిలబడటం. మడత స్టూలు ఒకటి తీసుకెళ్ళండి, మేం తీసుకెళ్ళక ఫుట్‌పాత్ అంచున కూర్చోవాల్సొచ్చింది. మే నెలలో అసలు వద్దు. కోటలో సచివాలయం ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, ముగ్గురి ఆధార్ కార్డులూ పెట్టుకోండి. లోపలి మ్యూజియం శుక్రవారం సెలవు, మీరెలాగూ ఆదివారమే కాబట్టి దాంతో పేచీ లేదు.